అరటిబోదె కింద బంతి

నాన్నగారు ఆ రోజు భోంచేశారా లేదా, నూతి దగ్గర నెత్తిమీద మొదటి చేద గుమ్మరించుకోగానే దక్షిణామూర్తికి మళ్ళీ అదే సందేహం వచ్చింది, ఏటా తండ్రి తిథి నాడు చన్నీళ్ళతో పాటే దిగుతుంది అది, మిగతా రోజుల్లో బళ్ళో పిల్లల గోల కిందో సంధ్యావందనం తొందర కిందో అణిగి ఉంటుంది, తద్దినం వచ్చేసరికి లేచి కూర్చుంటుంది, ఏడేళ్ళ కిందట ఇదే తిథి నాడు పెట్టిన అన్నం పైలోకంలో ఆయనకి చేరిందా, చేరితే తిన్నారా, పితృదేవతలకి మన ఏడాది ఒక్క రోజుట, ఆ లెక్కన ఆయనకి పోయింది ఒక రోజు భోజనం, ఒక్క రోజే కదా అనుకుంటూ రెండో చేద పోసుకున్నాడు, ఒక్క రోజే కదా అనుకున్నందుకు సిగ్గేసి ఇంకోటి పోసుకున్నాడు, లోపల్నుంచి తల్లి బాలాంబగారు, ఒరేయ్, నూతిలో నీళ్ళన్నీ నీ నెత్తికేనా, భోక్తగా యాజులుగారు వచ్చే వేళైంది, ఆకులు కోసుకురా, ఆ మూల బోదెవే కొయ్యి, అంటోంది, ఆ మూల అరటికి ఏం సత్తువ పట్టిందో గానీ ఆకు చాప పరిచినట్టు వస్తుంది, మీ నాన్నగారికి చిరుగుటాకు పడేది కాదు, ప్రతి ఏడూ అనే మాటే అది, ప్రతి ఏడూ అతను తల వంచుకుని కత్తి పుచ్చుకుని ఆ మూలకే నడుస్తాడు, ఆ బోదె కింద మూరెడు లోతున ఏముందో అతనొక్కడికే తెలుసు, తోలుతో కుట్టిన ఫుట్‌బాలు బంతి ఉంది, ఈపాటికి మట్టిలో కలిసిపోయి ఉంటుంది, కలిసిపోతే మట్టే కదా, మట్టికి మైలేమిటి అని ఒక ఏడాది తనకి తానే సర్దిచెప్పుకున్నాడు, తోలు తిని పెరిగిన చెట్టు ఆకులో తండ్రికి వడ్డిస్తున్నావే అని ఇంకో ఏడాది తన్ను తానే తిట్టుకున్నాడు, వేరే చెట్టు ఆకులు కోస్తే అమ్మ ఎందుకంటుంది, అంటే చెప్పాలి, అందుకని ఏటా వీటినే కోస్తాడు, ఇవాళా కోశాడు, ఆకు తెగినప్పుడు కారిన నీరు ముంజేతి మీద పడి చల్లగా జారింది.

ఫుట్‌బాలు మాట వినపడని అరుగు ఈ ఆషాఢంలో నర్సీపట్నంలో లేదు, మన్యం పితూరీ రోజుల్లో ఇక్కడ మకాం వేసిన సిపాయిలు సాయంత్రాలు మైదానంలో ఆడుతుంటే ఊరంతా చూసింది గానీ అప్పుడు అది వాళ్ళ ఆట, ఇప్పుడు మనది, కలకత్తాలో ఏటా వానల్లో దేశం నలుమూలల జట్లూ వచ్చి ఒక వెండి ఢాలు కోసం ఆడతాయి, ఒక్కసారి ఓడితే ఇంటికి పోవడమే, మళ్ళీ అవకాశం లేదు, గెలిచినవాళ్ళు గెలిచినవాళ్ళతో ఆడుతూ పోగా ఒక్క జట్టు మిగులుతుంది, ఈ ఏడు ఖరగపూరు రైలు కార్ఖానా జట్టులో ఎడమ అంచున ఆడుతున్నవాడు నాతవరం కుర్రాడు, లోవరాజు, ఇక్కడ మేనత్త అచ్చియమ్మ ఇంట్లో ఉండి మన బళ్ళోనే చదువుకున్నాడు, బంతి తన్నడం మన దక్షిణామూర్తి మేస్టారి దగ్గరే నేర్చాడు, ఈ చివరి మాట ఎవరు పుట్టించారో తెలియదు, దక్షిణామూర్తి మాత్రం కాదు, కాదనీ అనలేదు, నర్సీపట్నం రోడ్డు రైలు స్టేషన్ నుంచి మధ్యాహ్నం బస్సులో మద్రాసు ఇంగ్లీషు పేపరొస్తే పోస్టాఫీసు అరుగు మీద చదివి చెప్పవలసింది అతనే, పేపర్లో మూడు వరుసలుంటే అరుగు మీద అరగంట కథయ్యేది, మొదటి ఆటలో డాకా కాలేజీ కుర్రాళ్ళని ఓడించారు, తరవాత తంతి ఆఫీసువాళ్ళని, ఆ తరవాత బాకాలూ తిత్తుల వాద్యాలూ వాయించుకుంటూ వచ్చిన తెల్ల పల్టనుని, చెప్పులైనా లేని కాళ్ళతో బూట్లవాళ్ళని ఓడించారని చదివినప్పుడు బస్సు ఏజెంటు పెదబాబు తువ్వాలు గాల్లోకి విసిరాడు, లోవరాజు పేరు ఆ మూడు వరుసల్లో ఉంటే ఒకసారి ఉండేది, అతను పదిసార్లు కలిపేవాడు, మన లోవరాజు ఎడమ అంచున పాములా జారాడు, మన లోవరాజు కాలి నుంచి వెళ్ళిన బంతి గాలిలో వంపు తిరిగింది, ఏటి మేస్టారూ, అదంతా పేపర్లో రాసున్నాదా, అని పెదబాబు అడిగితే, అర్థం తీసి చెప్పాలోయ్, ఇంగ్లీషులో నాలుగు ముక్కల్లో ఇమిడ్చేస్తారు, అనేవాడు, చెబుతున్నంతసేపూ హాయిగా ఉండేది, అరుగు దిగి నడుస్తుంటే, వాడి గురించి కథలల్లే హక్కు ఎవరికైనా ఉందేమో గానీ నీకు లేదు అని వీధి మలుపు దాకా మనసు చెబుతూనే ఉండేది.

పల్టను మీద గెలిచిన కబురు వచ్చిన సాయంత్రం మరీ దారుణం, పోస్టాఫీసు ముందు జనం చేరి అతని మెడలో బంతిపూల దండ వేశారు, వద్దు వద్దంటూ మెడ వంచాడు, వద్దనడం ఎంత తేలిక, మెడ వంచడం ఇంకా తేలిక, నాతవరం కుర్రోడిని గోరాల మీద గెలిపించిన చెయ్యండి ఇది, అని పెదబాబు అతని కుడిచెయ్యి పైకెత్తి అందరికీ చూపించాడు, ఆ చెయ్యి ఫుట్‌బాలుని ఎన్నడూ ముట్టలేదని వాళ్ళకి తెలియదు, డ్రిల్లు చెప్పేవాళ్ళెవరూ లేక తెలుగు మేస్టరైన తనకి ఆ పని అంటగట్టారు, తోలు ముడితే సాయంత్రం మళ్ళీ స్నానం, అందుకని గొడుగు మొనతో చూపించి నేర్పేవాడు, ఒరేయ్ ఇటు తన్నండి, అటు పొండి, పొరపాటున బంతి తన వైపు దొర్లితే పంచె ఎత్తి పక్కకి గెంతేవాడు, పిల్లలు పగలబడి నవ్వేవారు, లోవరాజు ఒక్కడే నవ్వకుండా పరుగెత్తి వచ్చి బంతిని కాలితో ఆపి, తగల్నేదు కదండి మేస్టారూ, అనేవాడు, ఆ కుర్రాడికి తను నేర్పింది ఏమిటి, ఏమీ లేదు, ఆ దండతోనే ఇంటికి నడిచి వచ్చాడు, తను వేసుకున్న దండ దేవుడి పటానికి వెయ్యకూడదు, పారెయ్యడానికి మనసొప్పలేదు, ఆవు మెడలో వేశాడు, ఆవు దాన్ని తినేసింది, భార్య కమలాంబ చూసి, మంచి పని చేశారు, దానికైనా పనికొచ్చింది, అంది, ఆమె ఏమీ తెలియక అన్న మాటే అయినా చెంప మీద కొట్టినట్టయింది.

ఆకులు కడిగి వసారాలో బోర్లించి దర్భలు విడదీస్తూ కూర్చున్నాడు, ఇక్కడే, ఇదే వసారా, ఇదే వేళ, మినప్పిండి కమ్మటి వాసన, ఆ రోజు కూడా వాన రాత్రంతా కురిసి తెల్లారి తెరిపి ఇచ్చింది, పెరట్లో అరటి పిలక పాతడానికి ముందురోజు తవ్వించిన గొయ్యి నీళ్ళతో ఉంది, లోవరాజు తడిక తోసుకుని బంతి పుచ్చుకుని వచ్చాడు, బంతి కాపలా వాడిదే, రోజూ అత్త ఇంటికి తీసుకుపోయి మర్నాడు తెచ్చేవాడు, మా అత్తోలి ఇల్లు కారిపోతన్నాదండి, బంతి నానిపోద్ది, రేపు తునోలతో ఆట కదండి, మధ్యేన్నం దాకా మీ పశువుల సాలలో ఎట్టుకోనిత్తారేటి, అన్నాడు, తద్దినం రోజున తోలు బంతేమిటిరా అనబోయి, సాల వేరే కదా అని, సరే, సాల గుమ్మంలో పెట్టు, లోపలికి రాకు, మధ్యాహ్నం భోక్తలు లేచాక రా, గారెలు పెడతాం, అన్నాడు, గారెలంటే వాడి మొహం వెలిగింది, వాడు బంతిని సాల గుమ్మంలో దించి వెనక్కి వెళ్ళి తడిక కట్టుకుంటున్నాడు, బంతి దానంతటదే రెండు మూడు బారలు దొర్లి పెరటి మధ్యకి వచ్చి ఆగింది, ఎండ పడి తడి తోలు మెరుస్తోంది, చుట్టూ ఎవరూ లేరనుకున్నాడు, అమ్మ లోపల, కమలాంబ నూతి దగ్గర, అతను మడిపంచె కట్టుకుని, ఉపవాసంతో, నువ్వులూ దర్భలూ తెచ్చుకోవడానికి వెళ్తున్న మనిషి, ముప్పై దాటినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, ఏమైందో ఇప్పటికీ తెలియదు, కాలు లేచింది, తన్నాడు, జన్మలో ఆ ఒక్కసారే తన్నాడు, పాదం మీద బంతి ఎంత మెత్తగా, ఎంత బరువుగా, తగిలిన చప్పుడు ఎంత నిండుగా ఉంది, ఆ అరక్షణం ఒళ్ళంతా పదేళ్ళ పిల్లాడిదైపోయింది, సిగ్గుపడవలసిన జాబితా అంతటిలోనూ అన్నిటికన్నా లోపల దాచుకున్నది ఇదే, ఎంత బాగుందో అది.

బంతి వెళ్ళవలసిన చోటికి వెళ్ళలేదు, గోడకి తగిలి వంటింటి వైపు తిరిగింది, అమ్మ గారెల పిండి గిన్నె గుమ్మం పక్కన పెట్టి నూనె కోసం లోపలికి వెళ్ళింది, బంతి నేరుగా పోయి గిన్నెలో కూర్చుంది, అతను రెండంగల్లో చేరి రెండు చేతులా ఎత్తాడు, బంతికి ఒక పక్క అరచేయంత పిండి అంటుకుంది, అమ్మ అడుగుల చప్పుడు, పిండి అంటిన పక్కని పొట్టకేసి తిప్పుకున్నాడు, అమ్మ గుమ్మంలోకి వచ్చింది, బంతినీ, అతన్నీ, తడిక దగ్గర నోరు తెరుచుకుని నిలబడ్డ లోవరాజునీ చూసింది, హవ్వ, తద్దినం వంట మీదికి తోలు తన్నాడా ఆ వెధవ, వాడికి కళ్ళు లేవా, పిండికి తగిలిందా, అని అడిగింది, ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి, తగల్లేదమ్మా, గడపకి తగిలి ఆగింది, అన్నాడు, ఎవరు తన్నారన్నది అబద్ధమాడలేదు, ఊరుకున్నాడు అంతే, తగల్లేదన్నది మాత్రం నోటితో చెప్పాడు, మళ్ళీ పప్పు నానబెట్టి రుబ్బే వేళ లేదు, గారెలు లేని తద్దినం అమ్మ ఒప్పదు, సంగతి తెలిస్తే యాజులుగారు గుమ్మం ఎక్కరు, ఇన్ని కారణాలు ఇప్పుడు చెప్పుకుంటున్నాడు గానీ అప్పుడు ఒక్కటే కారణం, తన్నింది తను, అంతే, బంతిని ఎవరూ చూడకూడదని సిద్ధంగా ఉన్న గొయ్యిలో పెట్టి పైన పిలక నిలిపి మట్టి కప్పాడు, మళ్ళీ నూతి దగ్గర స్నానం చేశాడు, యాజులుగారు వచ్చారు, గారెలు అద్భుతమన్నారు, నాన్నగారి పేర వడ్డించిన ఆకులో కూడా అవే గారెలు, మధ్యాహ్నం తడిక దగ్గర లోవరాజు, బంతి కావాలనేమో, బంతి ఇప్పుడు కుదరదు, వెళ్ళు, అన్నాడు అతను, వాడు వెంటనే వెళ్ళలేదు, కాసేపు నిలబడ్డాడు, ఎందుకు నిలబడ్డాడో అతను ఆలోచించలేదు, తడిక వేసేశాడు.

మర్నాడు హెడ్మాస్టరు బంతేది అన్నారు, తునివాళ్ళు బళ్ళు కట్టుకుని వచ్చి మైదానంలో కూర్చున్నారు, లోవరాజు తెస్తాడండీ రోజూ, అన్నాడు అతను, అది నిజమే, అబద్ధం ఒక్క అక్షరం లేదు, అందుకే అది అంత దుర్మార్గం, లోవరాజుని పిలిచి అడిగారు, వాడు అతని వంక ఒక్కసారి చూశాడు, ఎక్కడో పడిపోనాదండి, అన్నాడు, ఆడకుండానే బడి ఓడిపోయింది, వాడి పేరు రిజిస్టర్లోంచి కొట్టేశారు, సాయంత్రం నాతవరం నుంచి వాళ్ళ నాన్న వచ్చి బజార్లో అందరి ముందూ కర్ర విరిగేలా కొట్టాడు, ఆ రాత్రే వాడు రోడ్డు స్టేషనుకి నడిచిపోయి, కూలీల్ని తీసుకుపోతున్న ఒక మేస్త్రీ వెంట ఖరగపూరు రైలెక్కేశాడు, ఈ సంగతి అచ్చియమ్మ ఏడుస్తూ ఊరంతా చెప్పింది, ఒక్కసారి ఓడితే ఇంటికి పోవడమే అన్న ఆట నిబంధన పేపర్లో చదివినప్పుడు అతనికి అచ్చియమ్మ ఏడుపు వినిపించింది, ఆ కుర్రాడు ఓడనైనా లేదు, ఇంటికి పోవడానికి వాడికి ఇల్లైనా మిగలలేదు, నెల తరవాత తన జీతంలోంచి కొత్త బంతి తెప్పించి బడికిచ్చాడు, ఉదారంగా ఇచ్చిన విరాళం అని హెడ్మాస్టరు సభలో మెచ్చుకున్నారు, పిల్లలు చప్పట్లు కొట్టారు, బాకీ తీర్చుదామని వెళితే అది కూడా పొగడ్తయి తిరిగొచ్చింది, ఏం చేసినా దండలే పడతాయి కాబోలు నీకు, అనుకున్నాడు, దర్భ కొస వేలికి గుచ్చుకుంది.

యాజులుగారు రెండో భోక్తతో వచ్చి పీట మీద కూర్చుంటూ, ఏమయ్యా, ఇవాళ ఊళ్ళో తద్దినం మీ ఇంట్లోనా బస్సు దగ్గరా, అంత జనమేమిటి, అన్నారు, అప్పుడే బస్సు బూరా మోగింది, రెండోసారి మోగింది, దక్షిణామూర్తి వీధి వైపు చూశాడు, సెమీ ఫైనల్ ఒకసారి సమానమైపోయింది, మళ్ళీ ఆడిన ఆట కబురు ఇవాళ్టి పేపర్లో రావాలి, గెలిస్తే ఆఖరాట, ఆఖరాట గెలిస్తే ఢాలు, లోవరాజు ఊరొస్తే మైదానంలో సభ, సభకి అధ్యక్షుడు గురువుగారే అని అప్పుడే నిర్ణయించేశారు, గెలవాలని అతను రోజూ దీపం దగ్గర కోరుకుంటున్నాడు, గెలవకూడదని కూడా కోరుకుంటున్నాడు, రెండు కోరికలూ ఒకే దీపానికి, దేవుడు ఏది వినాలి, పితృకార్యం వేళ ఫుట్‌బాలు ఆలోచనలేమిటని తల విదిల్చుకున్నాడు, ఇంతలో తడిక బయట పెదబాబు గొంతు, మేస్టారూ, మేస్టారూ, పేపరక్కర్నేదండి, మనిసే వచ్చీసినాడు, ఇదిగోండి మీ శిష్యుడు, ఓడిపోనా గానీ కాలు మీద కట్టు సూడండి, గెలిచినోడికీ ఇంత కట్టుండదు, అంటూ తోసుకొచ్చాడు, వెనక లోవరాజు, మీసాలొచ్చాయి, భుజాలు వెడల్పయ్యాయి, మోకాలికి గుడ్డ చుట్టుకుని చేతికర్ర మీద ఆనుకుని ఉన్నాడు, తడిక దగ్గరే ఆగిపోయి, మడిలో ఉన్నారు కాబోలు, నాను ఇక్కడే ఉంతానండి, పెదబాబన్నా, నువ్వెల్లు, జనం సూత్తన్నారు, అన్నాడు, పెదబాబు, దండలు వాడిపోతాయిరా, బేగి వచ్చీ, అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఎలా ఓడారు, అని అడిగాడు దక్షిణామూర్తి, అడగవలసిన ప్రశ్న అదా, లోవరాజు మాత్రం తీరిగ్గా చెప్పాడు, వానండి, మైదానమంతా వరి మడిలా అయిపోనాది, ఆళ్ళు బూట్లతో దిగినారు, మా కాళ్ళు జారిపోనాయి, ఆఖర్న ఒకటి ఏసీసినారు, అంతేనండి, ఆటన్నాక ఎవరో ఒకరు ఓడాలి కదా, అన్నాడు, అలా అంటూ వాడి కళ్ళు పెరటి మూలకి వెళ్ళాయి, అరటి బోదె దగ్గర ఒక్క క్షణం ఆగాయి, మళ్ళీ అతని మొహానికి వచ్చాయి, తెలుసు, వీడికి అంతా తెలుసు, తడిక కట్టుకుంటూ చూశాడు, తన్నడం చూశాడు, పాతడం చూశాడో లేదో గానీ తన్నడం చూశాడు, ఏడేళ్ళు తెలిసి ఊరుకున్నాడు, అప్పుడు వంటింట్లోంచి బాలాంబగారు, ఎవర్రా అది, ఆ బంతి కుర్రాడేనా, ఆ ఏడు నా గారెల పిండి మీదికి తన్నినవాడేనా, ఊరంతా దండలేస్తున్నారట, ముందు నాకు చెప్పవలసిన మాట చెప్పమను, అంది, దక్షిణామూర్తి నోరు తెరిచేలోగా లోవరాజు చేతికర్ర పక్కన పెట్టి రెండు చేతులూ జోడించి, తప్పయిపోనాదండి పెద్దమ్మగారూ, సిన్నతనం, మనసులో ఎట్టుకోకండి, అన్నాడు.

ఆ మాట దక్షిణామూర్తి చెవిలో పడి లోపలికి దిగుతూనే ఉంది, ఎంతకీ అడుగు తగలదు, ఇవాళ తద్దినం, ముసలావిడ మనసు కష్టపెట్టకూడదని ఒక పరాయివాడు చెయ్యని తప్పు ఒప్పుకుంటున్నాడు, కన్న కొడుకు నువ్వుల పళ్ళెం ముందు పెట్టుకుని వింటున్నాడు, ఇంకోసారి ఊరుకుంటే ఈ నువ్వులూ ఈ నీళ్ళూ ఎందుకు, నాన్నగారు తోలు తగిలిన పిండి తింటారేమో గానీ ఈ మౌనం ఎలా తింటారు, లేచి వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళాడు, నేనమ్మా, అన్నాడు, ఆ రోజు తన్నింది నేను, వాడు కాదు, బంతి పిండిలోనే పడింది, తగల్లేదని చెప్పాను, తగిలింది, ఆ మూల అరటి కింద పాతాను, వాడి మీద పడితే ఊరుకున్నాను, వంటింట్లో నూనెలో జల్లిగరిటె తిరగడం ఆగిపోయింది, గారెలు మాడుతున్న వాసన వచ్చింది, తరవాత జల్లిగరిటె మళ్ళీ తిరిగింది, పీట మీద యాజులుగారు కాస్త దగ్గి, ఆ ఏటి గారెలా, బాలాంబగారి చేతి గారెలంటే అవీ అని ఊరంతా చెప్పానే నేను, అన్నారు, నవ్వాలో కోప్పడాలో తేల్చుకోలేనట్టు పొట్ట నిమురుకున్నారు, రెండో భోక్త లేవబోయాడు, యాజులుగారు చేత్తో ఆపారు, కూర్చోండి, ఆనాటి దానికి ఏం చెయ్యాలో పుస్తకం చూసి రేపు చెబుతాను, చెప్పింది చేద్దువుగాని దక్షిణామూర్తీ, ఇవాళ్టి వంటకి దోషం లేదు, వేళ మించితే అదీ దోషమే, కానీ, అన్నారు, అప్పుడు అమ్మ గుమ్మంలోకి వచ్చింది, చేతులకి పిండి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నూనె పొగకో ఏమో, తోలు సంగతి యాజులుగారు చూసుకుంటారు, ప్రతి తద్దినానికీ ఆ కుర్రాణ్ణి తిట్టుకుంటూ వండానురా, ఏడేళ్ళు, నువ్వు మీ నాన్నగారికి నీళ్ళు వదులుతూ నా నోట ఆ తిట్లు తిట్టించావు, అంది, తిరిగి లోపలికి వెళుతూ, వాణ్ణి వీధి అరుగు మీద కూర్చోమను, ఆ కాలుతో ఎంతసేపు నిలబడతాడు, అంది.

తద్దినం జరిగింది, భోక్తల కాళ్ళు కడిగాడు, ఆకులు పరిచాడు, ఆ మూల బోదె ఆకులే, అమ్మ మార్చమనలేదు, వడ్డించాడు, వాళ్ళు తింటున్నంతసేపూ మనసు ఎప్పటిలా పైలోకానికి పోవడానికి ప్రయత్నించింది, నాన్నగారూ తింటున్నారా అని అడగబోయింది, అడగలేకపోయింది, వీధి అరుగు మీద చేతికర్ర ఆనించిన చప్పుడు వినిపిస్తూ ఉంది, భోజనాలయ్యాక ఏటా అడిగేదే అడిగాడు, సంస్కృతంలో, చేతులు జోడించి, మిగిలిన అన్నం ఏం చెయ్యమంటారు అని, యాజులుగారు ఏటా చెప్పేదే చెప్పారు, ఇష్టమైనవాళ్ళతో కలిసి భుజించమని, మూడు మాటలు, తండ్రి పోయినప్పటినుంచీ ఏటా వింటున్నవే, ఏడేళ్ళ కిందటా విన్నాడు, విని తలూపి ఆ గారెలు ఇంటిల్లిపాదీ తిన్నారు, ఆ వేళకే కదూ తడిక దగ్గర వాడు నిలబడింది, బంతి కుదరదు వెళ్ళమన్నాక కూడా వెంటనే వెళ్ళలేదు, కాసేపు నిలబడ్డాడు, ఎందుకు, బంతి ఎక్కడుందో వాడు అప్పటికే ఊహించుకుని ఉంటాడు, మరి ఎందుకు నిలబడ్డాడు, గారెలు పెడతాం రా అన్నది తనే కదా, దక్షిణామూర్తి చేతులు జోడించినవి జోడించినట్టే ఉండిపోయాయి, ఆ రోజు నాన్నగారు భోంచేశారా లేదా అని ఏడేళ్ళు అడిగాడు, దేవుణ్ణి అడిగాడు, నూతి నీళ్ళని అడిగాడు, అరటి చెట్టుని అడిగాడు, ఆ రోజు లోవరాజు అన్నం తిన్నాడా అని ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారైనా అనుకోలేదు, ఆకలితో వెళ్ళినవాడు పైలోకంలో కాదు, తన తడిక దగ్గర నిలబడ్డాడు, దానికి ఏ పుస్తకమూ చూడనక్కర్లేదు.

మిగిలిన ఆకులు రెండు తీసుకుని వీధి గుమ్మానికి వెళ్ళాడు, ఒకటి అరుగు మీద లోవరాజు ముందు పరిచాడు, ఒకటి గడపకి ఇవతల తన ముందు పరుచుకున్నాడు, గడప దాటి కూర్చునే ధైర్యం ఇంకా రాలేదు, ఆ సంగతీ ఒప్పుకున్నాడు మనసులో, ఎదురుగా కూర్చున్నాడు, ఇదేటండి మేస్టారూ, మీరు పొద్దున్నుంచీ తినుండరు, ముందు మీరు తినండి, అన్నాడు లోవరాజు, ఆ రాత్రి నువ్వేం తిన్నావురా, రైలెక్కిన రాత్రి, అని అడిగాడు అతను, లోవరాజు ఆకు వంక చూసి, ఏటీ నేదండి, టేసన్లో నీలు తాగినాను, అన్నాడు, నవ్వబోయి, ఆ తద్దినం నాడు మీ ఇంటి గారెలు భలే వాసనేసినాయండి, అన్నాడు, బాలాంబగారు పళ్ళెంతో వచ్చింది, వంగి ముందు అరుగు మీది ఆకులో వేసింది, వేళ్ళకి ఆవిరి తగులుతుంటే లోవరాజు ఒకటి తుంపి నోట్లో పెట్టుకున్నాడు, నమిలి మింగాడు, దక్షిణామూర్తి ఆ గొంతు కదలడమే చూస్తున్నాడు, ఇంకోటి ఏత్తారేటి పెద్దమ్మగారూ, అన్నాడు లోవరాజు, వేస్తాను, తిను, అంది ఆవిడ.